పాత వ్యాన్‌ను ఇల్లులా మార్చి కోరాపుట్ వైపు వెళ్దామనుకుంటున్నాం, కొత్తవాళ్లం, సలహా చెప్పండి

రాయగడ_నాగావళి (నవంబర్ 3, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది రాయగడ. ఇంట్లో నేను, మా ఆవిడ, 9 ఏళ్ల పాప, మా అమ్మ. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఎక్కడికి వెళ్లినా లాడ్జీ మెట్లు, తడి బాత్రూములు చూసి ఆవిడ ఇంట్లోనే ఉండిపోతానంటుంది. ఆవిడను వదిలేసి వెళ్లడం మాకు ఇష్టం లేదు. అందుకే క్యారవాన్ ఆలోచన వచ్చింది.

12 సీట్ల పాత డీజిల్ వ్యాన్ ఒకటి అమ్మకానికి ఉంది. సీట్లన్నీ తీసేయించి రెండు మంచాలు, సింకు, గ్యాస్ స్టవ్, ఏసీ పెట్టించాలనుకుంటున్నాం. ఒక వర్క్‌షాప్ వాళ్లు నెల రోజుల్లో తయారు చేసి ఇస్తామన్నారు. డిసెంబర్ చివర్లో 10 రోజులు తిరగాలి. లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా కోరాపుట్, అక్కడి నుంచి దేవమాలి, జయపురం, గుప్తేశ్వరం, డుడుమ జలపాతం, వీలైతే మల్కనగిరి దాటి మోటు దాకా. తిరిగి వచ్చేటప్పుడు సాలూరు ఘాట్ దిగి పార్వతీపురం మీదుగా ఇంటికి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జయపురం_స్టీరింగ్ (నవంబర్ 3, రాత్రి 10:25)

బాబూ, ముప్పై ఏళ్లు జయపురం, విశాఖ మధ్య లారీ తోలాను. ఇప్పుడు మానేసి నా బొలెరోలో మా ఇంటావిడతో కలిసి తిరుగుతున్నాను. ముందు ఒక మాట అడుగుతాను. మీ నలుగురిలో ఎవరైనా ఒక్క రాత్రైనా బండిలో పడుకున్నారా?

పడుకోకపోతే ఆ వ్యాన్ మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఎవరిదైనా బండి అడిగి తెచ్చుకుని మీ వాకిట్లో పెట్టండి. రాత్రి అన్నం బండి దగ్గరే వండుకుని తిని, అందులోనే పడుకోండి. ఇంట్లోకి వెళ్లకూడదని పట్టుదల ఏమీ వద్దు. కానీ వెళ్లిన ప్రతిసారీ ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. చెంబు కోసమా, చలికా, దోమకా, అమ్మగారి బాత్రూముకా అన్నది తెలియాలి. వర్క్‌షాప్ వాళ్ల చేతికి ఇవ్వాల్సింది ఆ కాగితం. సింకు ఎక్కడ పెట్టాలో వాళ్లు చెప్తే సరిపోదు, మీ ఇంటివాళ్ల అలవాటు చెప్పాలి.

ఇక 10 రోజుల సంగతి. మొదటిసారి రెండు రాత్రులు, మహా అయితే మూడు. రోజుకు 100 కిలోమీటర్లు దాటకండి. డిసెంబర్‌లో మన వైపు అయిదుంబావుకే పొద్దు వాలిపోతుంది. రాత్రి ఆగాల్సిన చోటికి మూడున్నరకల్లా చేరాలి. వెలుతురు ఉండగా నేల చూసుకోవాలి, చుట్టుపక్కల మనుషులను పలకరించాలి. చీకట్లో చేరితే ఎక్కడ ఆగామో తెల్లారేదాకా తెలియదు.

బరంపురం_కాగితాలు (నవంబర్ 4, ఉదయం 7:50)

నాగావళి గారూ, నేను బండ్ల కాగితాల పని చేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినదానికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. 12 సీట్లు తీసేసి మంచాలు బిగిస్తే సీట్ల సంఖ్య మారుతుంది, బండి రకమే మారుతుంది. మోటర్ క్యారవాన్‌లకు మన దేశంలో ఏఐఎస్-124 అని ప్రత్యేక ప్రమాణం ఉంది. ఆ ప్రకారం ఆమోదం పొందిన తయారీదారు చేసిన బండి అయితే ఆర్‌సీలోనే క్యారవాన్ అని వస్తుంది. వీధి చివర వర్క్‌షాప్‌లో చేసినదానికి అలా రాదు.

జరిమానా కట్టి బయటపడొచ్చు, ఇన్సూరెన్స్ దగ్గరే అసలు దెబ్బ తగులుతుంది. మా దగ్గరి బంధువు ఒకరు వ్యాన్ లోపల మంచం, గ్యాస్ బిగించుకున్నారు. ప్రమాదం జరిగాక కంపెనీ సర్వేయర్ వచ్చి లోపల ఫొటోలు తీసుకుని వెళ్లాడు. క్లెయిము రాలేదు. ఆ అప్పు ఆయన ఇప్పటికీ తీరుస్తున్నారు.

మీకు ఉన్న దారులు రెండు. ఆర్‌సీలో క్యారవాన్ అని ఉన్న బండిని అద్దెకు తీసుకోవడం ఒకటి. ఉన్న బండిలో ఏదీ కోయకుండా, బిగించకుండా, సామానులా పెట్టి తీసేయగలిగేవి వాడుకోవడం రెండోది. విడదీసే చెక్క మంచం, ట్రంకు పెట్టె వంటగది, నీళ్ల డబ్బా అలాంటివి. సీటు తీసే ఆలోచన ఉంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

లైసెన్స్ గురించి చాలామంది అడుగుతుంటారు. మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్స్‌తో 7,500 కిలోల లోపు మొత్తం బరువున్న బండి నడపవచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ధర్మాసనం మళ్లీ చెప్పింది. పసుపు ప్లేటు (టాక్సీ) బండి అద్దెకు తీసుకుంటే ఆంధ్రాలోకి దిగేటప్పుడు పర్మిట్, టాక్స్ ఎవరు కట్టారో బయల్దేరకముందే ఓనర్‌ను అడగండి.

రాయగడ_నాగావళి (నవంబర్ 4, మధ్యాహ్నం 1:15)

ఇది చదివి మా ఆవిడ, నేను చాలాసేపు మాట్లాడుకున్నాం. రేపు అడ్వాన్స్ ఇవ్వాల్సి ఉంది, ఆపేశాం. మీ అందరికీ ఎంత రుణపడి ఉన్నామో చెప్పలేను. మా బావమరిదికి మారుతి ఈకో వ్యాన్ ఉంది, అడిగితే ఇస్తాడు. కానీ నలుగురం అందులో ఎలా?

గోపాలపురం_అల (నవంబర్ 4, సాయంత్రం 4:30)

తమ్ముడూ, నేను, మా ఆయన నాలుగేళ్లుగా ఈకోలోనే తిరుగుతున్నాం. రంభ దగ్గర చిలికా ఒడ్డున, తప్తపాణి దగ్గర, గజపతి కొండల్లో పడుకున్నాం. నలుగురు ఒక్క బండిలో పడుకోలేరు, అలా అనుకోకండి. అమ్మగారు, పాప బండిలో. మీరిద్దరూ పక్కనే గుడారంలో. అడుగు భాగం గోడలతో కలిపి కుట్టేసి ఉన్న గుడారమే కొనండి, కింద విడిగా పట్టా పరిచేది వద్దు. పాము, జెర్రి లోపలికి రాకుండా ఉండాలంటే అదే మార్గం. జిప్ ఎప్పుడూ వేసే ఉంచాలి, చెప్పులు లోపల పెట్టుకోవాలి.

ఇప్పుడు ఎవరూ బయటకు అడగని విషయం చెప్తాను, అమ్మగారి కోసం. బండి ప్రయాణంలో ఆడవాళ్లకు ఉండే టెన్షన్‌లో సగం బాత్రూము గురించే. దానికి భయపడి పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. సాయంత్రానికి తలనొప్పి, మంట మొదలవుతాయి. మా అత్తగారు అలాగే ఒకసారి ఆస్పత్రి పాలయ్యారు. అప్పటి నుంచి బాత్రూము ఏర్పాటు చేశాకే మిగతా సామాను సర్దుతాను.

పోర్టబుల్ టాయిలెట్ అని కుర్చీ ఎత్తులో దొరుకుతుంది. కింద డబ్బా 20 లీటర్లది అయితే ఇద్దరికి మూడు రోజులు వస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు అది వరం. ఖరీదు ఎక్కువనిపిస్తే, గట్టి మూత ఉన్న బకెట్, దాని మీద సరిపోయే సీటు, అడుగున రంపపు పొట్టు. వాడిన ప్రతిసారీ రెండు గుప్పెళ్ల పొట్టు చల్లితే వాసన రాదు. చుట్టూ కట్టడానికి నిలువు గుడారం ఒకటి, దుప్పటి మందం ఉన్నది. పల్చటిదైతే లోపల టార్చి వేయగానే మనిషి నీడ బయటకు కనబడుతుంది, ఇది కొనేముందు ఇంట్లోనే రాత్రిపూట చూసుకోండి.

ఆ డబ్బా ఖాళీ చేసేది మాత్రం టాయిలెట్‌లోనే, అదీ అక్కడివాళ్లను అడిగి. వాగులో, గెడ్డలో ఎంతమాత్రం వద్దు. ఆ నీళ్లే కింద ఊళ్లో బిందెల్లోకి వెళ్తాయి. బకెట్ పొట్టు అయితే నీటికి 60 మీటర్ల దూరంలో, జానెడు లోతు గుంట తీసి కప్పెట్టాలి. ప్యాడ్లు కప్పెట్టకండి, సంచిలో కట్టి ఇంటికి తెచ్చేయండి.

పగలు దారిలో పెట్రోల్ బంకులు ఉన్నాయి. గాలి, తాగునీరు, టాయిలెట్ వాళ్లు ఉచితంగా ఇవ్వాల్సినవే, మొహమాటపడకుండా తాళం అడగండి.

పర్లాకిమిడి_కరెంటు (నవంబర్ 5, రాత్రి 8:05)

ఏసీ మాట ఎత్తారు కాబట్టి లెక్క చెప్తాను అన్నా. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1,280 వాట్ అవర్లు. హాయిగా వాడుకోగలిగేది వెయ్యి అనుకోండి. ఒక టన్ను ఏసీ గంటకు వెయ్యి దాకా తాగుతుంది. అంటే అంత ఖరీదు పెట్టిన బ్యాటరీ గంటకే అయిపోతుంది. ఇండక్షన్ స్టవ్ కూడా అంతే. 1,500 వాట్లకు 12 వోల్టుల దగ్గర 125 ఆంపియర్ల పైన లాగుతుంది, ఆ వైరు బొటనవేలంత లావు ఉండాలి.

అదే తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ తొమ్మిది గంటలు తిరిగితే 270 వాట్ అవర్లు. లైటు 40. నాలుగు ఫోన్లకు 60. అన్నీ కలిపి 370. మీ ప్రయాణానికి ఇంతే చాలు. ఫ్రిజ్ కావాలంటే ఇంకో 400 నుంచి 500. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ యాసిడ్ బ్యాటరీ ఉందని అది పెట్టేయకండి. అది 50 కిలోల పైమాటే. సగం కంటే కిందికి వాడితే త్వరగా పాడవుతుంది, మూసిన బండిలో పెట్టి చార్జ్ చేస్తే హైడ్రోజన్ వదులుతుంది.

సోలార్ 200 వాట్ల పలక అయితే మంచి ఎండలో రోజుకు 600, 700 వస్తుంది. మన వైపు వానాకాలంలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఒక్కటి మాత్రం నా మాటగా గుర్తుపెట్టుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. వైరు పొడుగునా వెళ్లి చివర్లో ఫ్యూజు పెడతారు చాలామంది. మధ్యలో ఎక్కడ ఒరుసుకుని బండి రేకుకు తగిలినా, ఆ చివర ఫ్యూజు ఏమీ కాపాడదు, వైరే కాలుతుంది. బండి స్టార్టింగ్ బ్యాటరీ నుంచి ఫ్యాన్‌కు తీయకండి, పొద్దున్న సెల్ఫ్ తిరగదు.

గునుపురం_వంశధార (నవంబర్ 5, రాత్రి 9:20)

నేను ఒప్పుకోను. పెద్దావిడ ఉన్నారు, చిన్న పెట్రోల్ జనరేటర్ ఒకటి పెట్టుకుంటే ఏసీ కూడా నడుస్తుంది కదా. మేము అలాగే వెళ్లాం.

పర్లాకిమిడి_కరెంటు (నవంబర్ 5, రాత్రి 10:00)

వంశధార గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. గాలి అటు తిరిగి కిటికీలోంచి లోపలికి వస్తే నిద్రలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. పక్క గుడారంలో ఇద్దరు పడుకునే ఏర్పాటులో నేను దాన్ని ఎప్పటికీ సమర్థించలేను. పైగా కోరాపుట్ దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబర్‌లో ఏసీ కాదు, రెండు బొంతలు కావాలి. ఎండాకాలంలో అయితే మధ్యాహ్నం చెట్టు నీడ చూసుకుని ఆగాలి, రాత్రికి కొండెక్కాలి.

కోరాపుట్_సిస్టర్ (నవంబర్ 6, ఉదయం 6:30)

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. పై సోదరుడు చెప్పిన కార్బన్ మోనాక్సైడ్ గురించే నేనూ మొదలుపెడతాను. మా వైపు డిసెంబర్, జనవరిల్లో రాత్రి చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. సాయంత్రం బయట వెలిగించిన కుంపటిని చలికి తట్టుకోలేక బండిలోపల పెట్టుకుని తలుపులు మూస్తారు. దయచేసి ఆ పని చేయకండి, నిప్పు ఆరినట్టు కనబడినా సరే. అద్దాలన్నీ బిగించకుండా ఎదురెదురుగా రెండు కిటికీలు వేలెడు సందు తెరిచి, దోమతెర కట్టండి. చలికి వేడినీళ్ల సంచి, ఉన్ని మేజోళ్లు, కింద మందపాటి పరుపు. చలి పైనుంచి కంటే కింద రేకు నుంచే ఎక్కువ వస్తుంది.

రెండోది మలేరియా. కోరాపుట్, మల్కనగిరి, రాయగడ జిల్లాలు దీనికి పేరుపడ్డవి. 2017లో మొదలైన దమన్ కార్యక్రమం వచ్చాక చాలా తగ్గింది, మా వార్డుల్లోనే ఆ తేడా చూశాం. కానీ అడవి అంచు ఊళ్లలో ఇంకా ఉంది, అక్కడ ఎక్కువగా కనబడేది ఫాల్సిపారం, మెదడుకు ఎక్కే రకం. మందు పట్టించిన దోమతెర బండికీ, గుడారానికీ రెండింటికీ ఉండాలి. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి రేపు చూద్దాం అనుకోవద్దు. ఏ ఊళ్లో ఉన్నా ఆశా దీదీ ఇల్లు అడగండి, ఆమె దగ్గర వేలి రక్తంతో చూసే కిట్ ఉంటుంది, పావుగంటలో తెలుస్తుంది. ఇంటికి వెళ్లాక నెల లోపు జ్వరం వచ్చినా, ఈ ప్రాంతం తిరిగి వచ్చామని డాక్టరుకు చెప్పాలి. చెప్పకపోవడం వల్ల ఆలస్యమైన పిల్లలను చూశాను. మనసు చివుక్కుమంటుంది.

పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, వైద్యుడని ఎవరి దగ్గరికో తీసుకెళ్లడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు, రాత్రి నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. పొద్దున్నే కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే అదే అనుకుని బయల్దేరాలి. కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది.

అమ్మగారి బీపీ, షుగర్ మందులు రెండు చోట్ల వేరువేరుగా పెట్టండి. ఒక సంచి పోయినా రెండోది ఉంటుంది.

రాయగడ_నాగావళి (నవంబర్ 6, రాత్రి 8:45)

సిస్టర్ గారూ, డ్యూటీ దిగి వచ్చి ఇంత రాశారు, మీకు నమస్కారం. ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను. స్టీరింగ్ గారూ, ఘాట్ గురించి కూడా చెప్పండి. నేను మైదానం మీద నడిపినవాడినే, సామాను బరువుతో ఎప్పుడూ కొండ దిగలేదు.

జయపురం_స్టీరింగ్ (నవంబర్ 7, ఉదయం 5:50)

చెప్తాను బాబూ. ఎన్‌హెచ్ 26 మీద పొట్టంగి దాటి సుంకి నుంచి సాలూరుకు దిగేది పొడుగు ఘాట్. ఎక్కేటప్పుడు బండి ఏ గేరులో లాగిందో, దిగేటప్పుడు అదే గేరులో దిగాలి. రెండో గేరులో ఎక్కితే రెండో గేరులోనే దిగు. ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకు మీద కాలు అప్పుడప్పుడు గట్టిగా ఒకసారి వేసి తీసేయాలి. కాలు ఆనించి ఉంచితే లైనింగ్ వేడెక్కి పట్టు వదిలేస్తుంది. పెడల్ మెత్తబడినా, కాలిన వాసన వచ్చినా వెంటనే పక్కకు తీసి అరగంట ఆగు. చక్రాల మీద నీళ్లు పోయకు, డ్రమ్ము పగులుతుంది.

డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో, ఇంజన్ ఆపి దిగేవాళ్లను కళ్లారా చూశాను. ఇంజన్ ఆగితే బ్రేకు బూస్టరు పని చేయదు, రెండు మూడు తొక్కుళ్లకే పెడల్ రాయిలా అయిపోతుంది. స్టీరింగూ బిగుస్తుంది. వాళ్లలో ఇద్దరిని లోయలోంచి తీయడానికి తాడు పట్టుకున్నవాళ్లలో నేనున్నాను.

ఇరుకు చోట ఎదురైతే పైకి ఎక్కేవాడికి దారి ఇవ్వాలి, చట్టంలో కూడా అదే ఉంది. వాడు ఒకసారి ఆగితే బరువుతో మళ్లీ కదలడం కష్టం. మంచు కమ్మినప్పుడు హై బీమ్ వేయకు, తెల్లగోడలా కనబడుతుంది. మరీ కమ్మితే టీ కొట్టు దగ్గర ఆగిపో. ఎండ ఎక్కాక విడుతుంది.

సామాను సంగతి. నీళ్ల డబ్బాలు, బ్యాటరీ, గ్యాస్ కింద పెట్టి కట్టు. పైన క్యారియర్ మీద గుడారం, పరుపులు మాత్రమే. బరువు పైన పెడితే మలుపులో బండి ఊగుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 3219 అంటే 2019లో 32వ వారం తయారైంది. గాట్లు బాగున్నా ఆరేళ్లు దాటిన టైరుతో నేనైతే ఘాట్ ఎక్కను. స్టెప్నీ మీద కూడా చూడు, అందరూ అదే మర్చిపోతారు.

గ్యాస్ గురించి ఎవరూ రాయలేదు. 5 కిలోల చిన్న సిలిండర్ తీసుకో. నిటారుగా నిలబెట్టి కట్టాలి, బండి నడుస్తున్నప్పుడు సిలిండర్ దగ్గరే ఆపేయాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. పడుకునేది కూడా నేల దగ్గరే కదా. అందుకే వంట ఎప్పుడూ బండి బయటే. సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూసుకో.

మాచ్‌ఖండ్_కాలనీ (నవంబర్ 8, సాయంత్రం 6:10)

మా నాన్నగారు మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో పనిచేశారు, నేను ఒనకఢిల్లీ కాలనీలోనే పుట్టి పెరిగాను. ఆంధ్రా, ఒడిశా కలిసి కట్టిన ప్రాజెక్టు, 1955 నుంచి నడుస్తోంది. అందుకే మా కాలనీలో తెలుగు, ఒడియా రెండూ ఇంటి భాషలే. డుడుమ చూడాలని అన్నారు కాబట్టి మనసులో మాట రాస్తున్నాను.

జలపాతం 175 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. అంచుకు వెళ్లకండి, తుంపరతో రాళ్లు ఎప్పుడూ జారుతుంటాయి. పాప చేయి వదలకండి. గురువారం ఒనకఢిల్లీ సంతకు కొండల మీద నుంచి బోండా గిరిజనులు దిగి వస్తారు. వాళ్లు వచ్చేది ఉప్పు, కిరసనాయిలు, బట్టలు కొనుక్కోవడానికి. ముఖం మీద కెమెరా పెట్టే బండ్లవాళ్లను చూసి వాళ్లు ముఖం తిప్పుకుని వెళ్లిపోవడం నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మీరు ఫోను జేబులో పెట్టుకుని చోళ్లో (రాగులు), పసుపో కొనండి. రాయగడ వైపు నియమగిరి కూడా అంతే. ఆ కొండ డొంగ్రియా కోందు గిరిజనులకు దేవుడు. గుడి గర్భాలయం ముందు మనం గుడారం వేయం కదా.

రాత్రి ఆగడం గురించి. అడవిలో, నది ఇసుకలో వద్దు. పైన డ్యామ్ గేటు తెరిస్తే నిమిషాల్లో నీళ్లు వస్తాయి. ఊరి అంచున, బడి ఆవరణలో, డాబా పక్కన, బంకులో ఆగండి. ఎక్కడైనా ముందు పెద్దమనిషిని అడగాలి. ఒడియా రాకపోయినా ఈ ఒక్క ముక్క నేర్చుకోండి: "ఆజ్ఞా, ఆజి రాతి ఎఠి రహిపారిబి కి?" అంటే "అయ్యా, ఈ రాత్రి ఇక్కడ ఉండవచ్చా?" అని. అలా అడిగినవాళ్లను మా వైపు ఊళ్లు ఖాళీ కడుపుతో పడుకోనివ్వవు. వద్దంటే కారణం అడగకుండా ముందుకు వెళ్లిపోండి, వాళ్లకు తెలిసినది మనకు తెలియదు.

మొదటిసారికి మల్కనగిరి, మోటు పెట్టుకోకండి. మోటు దగ్గర శబరి, సీలేరు కలిసే చోటు చాలా బాగుంటుంది, నిజమే. కానీ ఆ దూరం పెద్దావిడతో మూడు రోజుల్లో అయ్యేది కాదు.

గోపాలపురం_అల (నవంబర్ 8, రాత్రి 7:40)

కాలనీ గారి మాటకు ఇంకో చిన్న మాట కలుపుతాను. అక్టోబర్, నవంబర్‌లలో మన వైపు వచ్చేవాళ్లు వాతావరణ శాఖ సూచన చూడకుండా బయల్దేరకండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను మా గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ తుపానుకు గజపతి కొండల్లో చరియలు విరిగి మనుషులు పోయారు. తుపాను అన్నాక సముద్రం ఒడ్డు ఎంత ప్రమాదమో కొండ కింద ఆగడం కూడా అంతే.

రాయగడ_నాగావళి (నవంబర్ 17, ఉదయం 11:00)

నిన్న రాత్రి వాకిట్లో పడుకున్నాం. ఈకోలో అమ్మ, పాప. పక్కన గుడారంలో మేం. చెక్క మంచం ఇంట్లో ఉన్న పాత పలకలతో చేశాను, పది నిమిషాల్లో విడదీయొచ్చు. స్టీరింగ్ గారు చెప్పినట్టు కాగితం రాశాను, ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

అమ్మ రెండుసార్లు లేచింది. బండి మెట్టు ఎత్తు, దిగలేకపోయింది, నన్ను పిలవడానికి మొహమాటపడి చాలాసేపు కూర్చునే ఉందట. అది విని నాకు నిద్ర పట్టలేదు. బండి వాలుగా నిలిచింది, తల కిందికి వచ్చి పాపకు తలనొప్పి. అద్దాలకు లోపల చెమ్మ కారింది. నీళ్లు 35 లీటర్లు అయ్యాయి, అందులో సగం గిన్నెలు తోమడానికే. తలుపు తీసిన ప్రతిసారీ దోమలు. టార్చి ఎక్కడ పెట్టామో ఎవరికీ గుర్తులేదు.

గోపాలపురం_అల (నవంబర్ 17, మధ్యాహ్నం 12:20)

ఎంత మంచి పని చేశావు తమ్ముడూ. అమ్మగారి చేతికి బడిపిల్లల ఈల ఒకటి ఇవ్వు. పిలవడానికి మొహమాటపడేవాళ్లు ఈల ఊదడానికి మొహమాటపడరు, మా అత్తగారి దగ్గర ఇదే నేర్చుకున్నాను. గిన్నెలకు ముందు పాత కాగితంతో తుడిచి, తర్వాత స్ప్రే సీసాతో నీళ్లు కొట్టి తోము, పదోవంతు నీళ్లు చాలు. తాగడానికి, వంటకు మీ నలుగురికి రోజుకు ఒక 20 లీటర్ల క్యాన్ పెట్టుకో.

జయపురం_స్టీరింగ్ (నవంబర్ 17, మధ్యాహ్నం 2:05)

వాలుకు రెండు అంగుళాల మందం చెక్క దిమ్మలు నాలుగు వేసుకో. నేల మీద సగం నింపిన నీళ్ల సీసా పడుకోబెడితే ఎటు వాలిందో తెలుస్తుంది. దిమ్మ ఎక్కించాక హ్యాండ్‌బ్రేకు, గేరు, చక్రాల వెనక రాళ్లు, మూడూ ఉండాలి.

రాయగడ_నాగావళి (డిసెంబర్ 29, రాత్రి 8:30)

నిన్న సాయంత్రం తిరిగి వచ్చాం. మూడు రాత్రులు. మొదటి రాత్రి కోరాపుట్ దగ్గర ఒక పరిచయస్తుల ఆవరణలో, రెండో రాత్రి జయపురం దగ్గర డాబాలో, మూడోది మళ్లీ కోరాపుట్‌లో.

దేవమాలికి తెల్లవారుజామున ఎక్కాలనుకున్నాం. కింద నుంచే మంచు, పది అడుగుల ముందు ఏమీ కనబడలేదు. స్టీరింగ్ గారి మాట గుర్తొచ్చి టీ కొట్టు దగ్గర ఆగాం. తొమ్మిదిన్నరకు విడింది. 1,672 మీటర్ల పైన నిలబడి అమ్మ కొంగు తలమీద కప్పుకుని చుట్టూ కొండలు చూసింది. ఏమీ మాట్లాడలేదు. దిగేటప్పుడు పాపతో, "మా నాన్న ఈ కొండల అవతల నుంచి చింతపండు తెచ్చేవాడు" అంది. ఆ సంగతి నాకు ఇన్నేళ్లలో తెలియదు.

కోరాపుట్ జగన్నాథుని గుడికి వెళ్లాం. సంతలో అమ్మ దొప్పలో చోడి అంబలి తాగింది, అచ్చం మన ఇంట్లో లాగే ఉందంది. కాలాజీరా బియ్యం రెండు కిలోలు తెచ్చాం.

తప్పు జరిగింది కూడా చెప్పాలి. రెండో రోజు జయపురం చేరేసరికి ఆరు దాటింది, చీకటి. ముందు అనుకున్న చోటు బాగాలేదు, అటూ ఇటూ తిరిగి అమ్మ బాగా అలసిపోయింది. మూడున్నర అని ఎందుకు చెప్పారో అప్పుడు అర్థమైంది. గుప్తేశ్వరం మానేశాం, మళ్లీ వెళ్తాం. డాబా ఓనరుకు ఆ ఒడియా ముక్క చెప్పగానే ఆయన తెలుగులో జవాబిచ్చాడు, వాళ్ల అమ్మగారిది బొబ్బిలి అట. రాత్రి వేడినీళ్లు కూడా ఇచ్చాడు.

సాలూరు ఘాట్ దిగలేదు. నాకు ఇంకా ధైర్యం చాలలేదు, వచ్చిన దారినే వచ్చాం.

జయపురం_స్టీరింగ్ (డిసెంబర్ 29, రాత్రి 9:15)

మంచి పని చేశావు బాబూ. వేసవికి ముందు ఒకసారి ఖాళీ బండితో రా, పక్కన కూర్చుని నేనే దింపిస్తాను.

కోరాపుట్_సిస్టర్ (డిసెంబర్ 30, ఉదయం 6:45)

అమ్మగారు బాగున్నారా? జనవరి నెలాఖరు దాకా ఎవరికి జ్వరం వచ్చినా పరీక్ష, మర్చిపోకండి.

గునుపురం_వంశధార (డిసెంబర్ 30, ఉదయం 10:10)

నాగావళి గారూ, మా నాన్నగారికి కూడా మోకాళ్లే. అమ్మగారు దిగడానికి చివరికి ఏం వాడారు? ఎత్తు ఎంత?

రాయగడ_నాగావళి (డిసెంబర్ 30, మధ్యాహ్నం 1:30)

బాగుంది సిస్టర్ గారూ, ఇందాకే బడ్డీ కొట్టుకు నడిచి వెళ్లి వచ్చింది.

వంశధార గారూ, వడ్రంగి చేత టేకు పీట చేయించాం. 7 అంగుళాల ఎత్తు, 18 పొడుగు, 14 వెడల్పు. రెండు పాదాలూ పూర్తిగా ఆనాలి, అందుకే వెడల్పు ఎక్కువ. పైన పాత టైరు ట్యూబు ముక్క మేకులతో కొట్టించాం, మంచుకు జారదు. బండి తలుపు కడ్డీకి గట్టి నూలుతాడు ముడివేసి, చేత్తో పట్టుకోవడానికి మూడు ముళ్లు వేశాం. పీటకు నాలుగు కాళ్లూ ఒకే ఎత్తు ఉన్నాయో లేదో గచ్చు మీద పెట్టి చూసుకోండి, మాది మొదటిసారి ఊగితే మళ్లీ కోయించాల్సి వచ్చింది.